చేతుల సభకి చెవుల అధ్యక్షత

చెవిటి రచయితల సాహిత్య ఉత్సవాన్ని నడపాల్సింది చెవులున్నవాళ్లే! ఈ మాట నేను తడుముకోకుండా అంటాను, ఎక్కడైనా అంటాను. మైకు చేతికిస్తే గంటసేపు అంటాను.

కోప్పడకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. సభ అంటే ఏమిటి? ఉపన్యాసాలు. రచయిత పని రాయడం, ఆయన ఏం రాశాడో ఆయనకే వివరించడం మన పని. మామూలు సభల్లో వచ్చే చిక్కల్లా ఒక్కటే. వక్త మంచి ఊపులో ఉండగా ముందు వరసలోంచి రచయిత లేచి, "నేనలా రాయలేదండీ" అంటాడు. చెవిటి రచయితల సభలో ఆ బెడదే లేదు. ఎంత హాయి!

ఇలాంటి ఉత్సవం ఈ మధ్యనే మా ఊళ్లో జరిగింది. కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. నీకేం అర్హత ఉందయ్యా అంటారా? మా చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. నలభై ఏళ్లుగా దానికి అన్నయ్యగా సేవ చేస్తున్నాను. ఇంతకన్నా అనుభవం ఎవరికుందో చేతులెత్తమనండి!

మా చెల్లెలు పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే ఎవరెవరివో దవడల అచ్చులు ముందు పెట్టుకుని, మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, రంగు సరిపోయిందో లేదో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తుంది. మా ఊళ్లో పెద్దవాళ్లు చాలామంది నోరారా నవ్వుతున్నారంటే దాని చేతి చలవే. సాయంత్రం ఇంటికొచ్చి కథలు రాస్తుంది. ఈ మధ్యనే మొదటి పుస్తకం కూడా వచ్చింది. నేనింకా చదవలేదు. తీరిక చూసుకుని తర్వాత చదువుతాను. చదవలేదు కాబట్టే దాని గురించి నిష్పక్షపాతంగా మాట్లాడగలుగుతున్నాను.

సైగల భాష వచ్చా అని కూడా అడుగుతారు మీరు. ఎందుకు రాదండీ? మూడు సైగలు వచ్చు. ఒకటి, "తిన్నావా?" రెండు, "పద." మూడోది, అరచెయ్యి పక్కకి ఊపి "తర్వాత." ఈ మూడిటితో ఒక చెల్లెల్ని సుఖంగా పెంచెయ్యొచ్చు.

మూడోదాని గొప్పతనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆదివారం మా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఎనిమిది మందిమి చేరతాం. ఎనిమిది నోళ్లూ ఒక్కసారే మాట్లాడతాయి. ఎవరో ఏదో అంటారు, అందరం పొట్ట పట్టుకుని నవ్వుతాం. మా చెల్లెలు ఆ ముఖం నుంచి ఈ ముఖానికీ, ఈ ముఖం నుంచి ఆ ముఖానికీ చూసి, చివరికి నా మోచేతిని తట్టి కళ్లతోనే అడుగుతుంది, ఏమిటని.

"ఏం లేదులే. తర్వాత చెప్తా."

చూశారా, ఎంత దయగల మాటో! దానికి అనవసరమైన శ్రమ తప్పుతుంది, నాకు అన్నం చల్లారకుండా ఉంటుంది. అరగంట నవ్వులన్నీ వడకట్టి, చేతులు కడుక్కునేటప్పుడు "బాబాయి గురించి ఏదో అనుకున్నాంలే" అని సారాంశం అందిస్తాను. గుర్తుంటే.

దానికి నా మీద ఉన్న ఫిర్యాదల్లా నా మీసం గురించే. పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవాలంటే పైపెదవి కనపడాలట. నా మీసం గుబురుగా పెరిగి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కొంచెం కత్తిరించుకోమని చిన్నప్పటి నుంచీ, అంటే నాకు మీసం వచ్చినప్పటి నుంచీ బతిమాలుతూనే ఉంది. ఈ కాలమ్ పక్కన అచ్చయ్యే నా ఫొటో చూస్తున్నారు కదా, మీరే చెప్పండి. ఆ మీసం తీసేస్తే మిగిలేదేముంది?

మా ఆవిడ మాత్రం పెళ్లయిన కొత్తలోనే దాని దగ్గర సైగలు నేర్చేసుకుంది. వదినా ఆడపడుచులిద్దరూ వంటింట్లో చేరారంటే చేతులు అలా గాల్లో ఆడుతూనే ఉంటాయి. మధ్యమధ్య పకపకా నవ్వులు. ఇల్లంతా ప్రశాంతంగా ఉందని నేను పేపరు చదువుకుంటూ ఉంటాను.

ఇక ఉత్సవానికి వద్దాం.

మొదటి మీటింగులోనే పెద్ద చర్చ వచ్చింది. చెవిటి అనాలా, బధిరులనాలా, వినికిడి సమస్య ఉన్నవారనాలా? కమిటీలో ఏడుగురం, పద్నాలుగు చెవులూ అమోఘంగా పనిచేసేవే. గొంతులు చించుకుని వాదించుకున్నాం. ఒక పెద్దమనిషి అలిగి వెళ్లిపోయి, కాఫీ వచ్చిందని తెలిసి తిరిగొచ్చాడు. ఈ సంగతి తెలిసి మా చెల్లెలు నాకు ఫోన్లో మెసేజ్ పెట్టింది. "చెవిటి అనే అనండి అన్నయ్యా. మేం అలాగే అనుకుంటాం. దానికేం తలవంపు లేదు. ఒక్క మాట మమ్మల్ని అడిగితే పోయేది కదా?" అడిగితే పోతుంది నిజమే. మరి మీటింగు దేనికి పెట్టుకున్నట్టు?

ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవాలన్న దాంట్లో మాత్రం భేదాభిప్రాయమే రాలేదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు! చెవిటి రచయితల సభకి అంతకన్నా తగినవారెవరు?

తర్వాత మైకు. మైకాయన నన్ను పక్కకి పిలిచి, "సార్, వచ్చేవాళ్లలో చాలామందికి వినపడదంటున్నారు, రెండు బాక్సులు సరిపోతాయా?" అని అడిగాడు. తెలివైన ప్రశ్న. నాలుగు పెట్టించాను.

సైగల అనువాదానికి చెవిటి పిల్లల బడిలో చెప్పే టీచరమ్మని మాట్లాడాను. ఆవిడకి ఒక సందేహం వచ్చింది. "మీ ఉపన్యాసాలు నేను సైగల్లో చెప్తాను, బాగానే ఉంది. మరి వాళ్లు సైగల్లో చెప్పేది మీకు మాటల్లో చెప్పడానికి ఇంకొకళ్లు కావాలి కదండీ? రోజంతా నేనొక్కదాన్నే చేస్తే నా చేతులు పడిపోతాయి."

"అదెందుకండీ? చెప్పేవాళ్లం మనం. వాళ్లు మనకి చెప్పేదేముంటుంది? ఉన్నా, చూస్తే భావం తెలిసిపోదూ? మీరు ఇటు నుంచి అటు చెప్తే చాలు" అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూసింది. నా మీసాన్ని మెచ్చుకుంటోందనుకున్నాను.

మా చెల్లెలు మెసేజ్ పెట్టి అడిగింది ఒకే ఒక్కటి. "నాకు పావుగంట చాలన్నయ్యా. కొత్త కథ. పుస్తకంలో లేదు, కాగితం మీద కూడా పెట్టలేదు. సైగల్లోనే అల్లాను, సైగల్లోనే చెప్తాను. ఈ కథ నువ్వు చూడాలి. తప్పకుండా చూడాలి."

నెల్లాళ్లుగా అద్దం ముందు నిలబడి సాధన చేస్తోందని మా ఆవిడ చెప్పింది. నాకు ముచ్చటేసింది. అందరికన్నా చివర వేశాను. విందులో తీపి చివరే కదా వడ్డిస్తారు!

ఆ రోజు హాలు కిటకిటలాడింది. ఎక్కడెక్కడి నుంచో చెవిటి రచయితలు, కవులు, వాళ్ల పాఠకులు వచ్చారు. ముందుగా వాద్య సంగీతంతో శుభారంభం చేశాం. తర్వాత గంభీరంగా ఉంటుందని కిటికీలకి మందపాటి తెరలు లాగించి, దీపాలు తగ్గించి, వక్త ముఖం మీద మాత్రం పెద్ద లైటు వేయించాను. వేదిక మీద మనిషెత్తు పూలగుత్తి. టీచరమ్మ దాని వెనకాల నిలబడి సైగలు చేస్తోంది. ఫొటోలో అడ్డం రాకుండా నేనే అక్కడ నిలబెట్టాను.

వక్తలకి ముందే ఒక సంగతి చెప్పి ఉంచాను. వీళ్లు చప్పట్లు కొట్టరు, చేతులు పైకెత్తి గాల్లో ఊపుతారు, అదే వాళ్ల హర్షధ్వానం, చప్పుడు లేదని చిన్నబుచ్చుకోకండి అని.

డాక్టరుగారు మొదలుపెట్టిన రెండో నిమిషానికే హాలంతా చేతులు లేచాయి! ఆయన పొంగిపోయారు. చెవిలో గుబిలి అనే అంశాన్ని ఎంతో కవితాత్మకంగా విస్తరించారు. చేతులు ఇంకా జోరుగా ఊగాయి. కొందరు కుర్చీలెక్కి మరీ ఊపారు. అంత ఆదరణ ఆయనకి వైద్య మహాసభల్లో కూడా దొరకలేదట.

టీ వేళ మా ఆవిడ నా దగ్గరికొచ్చింది. "అది మెచ్చుకోవడం కాదండీ! చీకట్లో టీచరమ్మ చేతులు కనపడట్లేదని మొత్తుకుంటున్నారు. లైట్లు వెయ్యమంటున్నారు, ఆ పూలు తీయించమంటున్నారు."

"సరే, తర్వాత చూద్దాం" అన్నాను. అన్నీ ఒకేసారి మార్చేస్తే సభ గాంభీర్యం ఏం కావాలి?

రిటైర్డు ప్రొఫెసరుగారు మౌనం గురించి గంటంపావు మాట్లాడారు. వీరిది నిశ్శబ్ద ప్రపంచం అన్నారు. మౌన సముద్రం అన్నారు. ఆ సముద్రానికి సంఘీభావంగా అందర్నీ ఒక్క నిమిషం మౌనంగా నిలబడమన్నారు. వేదిక మీద మేమంతా కళ్లు మూసుకుని నిలబడ్డాం. నేను ఒక కన్ను తెరిచి చూద్దును కదా, చివరి వరసల్లో మహా సందడి! అక్కడ గుమ్మంలోంచి కాస్త వెలుగు పడుతోంది. అందరూ అక్కడికి చేరిపోయి కబుర్లలో మునిగి ఉన్నారు. ఒకాయన నేలని కాలితో దబదబా తన్ని అవతలివాణ్ణి పిలుస్తున్నాడు. ఇద్దరు కవయిత్రులు హాలుకి ఆ చివరొకరు ఈ చివరొకరు నిలబడి హాయిగా పోట్లాడుకుంటున్నారు. నవ్వులే నవ్వులు. నిశ్శబ్ద ప్రపంచంలో అంత గోల ఉంటుందని నాకు తెలియదు.

భోజనాలు పై అంతస్తులో అని మైకులో ముమ్మారు ప్రకటించాం. అప్పుడు టీచరమ్మ మంచినీళ్లకి వెళ్లింది. విన్నవాళ్లం వినగానే వెళ్లి తృప్తిగా తిన్నాం. తోపులాట లేదు, క్యూ లేదు. ఏర్పాట్లు ఎంత బాగున్నాయో అని అందరూ నన్ను అభినందించారు. అతిథులు మాత్రం తర్వాత వచ్చి మిగిలింది తిన్నారు. జ్ఞాపికగా తలా ఒక పాటలు పాడే అలారం గడియారం కూడా ఇచ్చాం.

మా చెల్లెలు పొద్దుటి నుంచీ ముందు వరసలోనే కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. వేళ్లకి అంటుకున్న ప్లాస్టరు మరకలు రాత్రే రుద్ది కడుక్కుందట. ఒక్కో ఉపన్యాసం అయ్యేకొద్దీ నా వంక చూసేది. నేను వేదిక మీద నుంచే అరచెయ్యి పక్కకి ఊపేవాణ్ణి. తర్వాత. మళ్లీ చూసేది. తర్వాత. ఆ రోజు మా అన్నాచెల్లెళ్లం ఎంత మాట్లాడుకున్నామో!

అలా చూస్తూ చూస్తూ ఉండగానే హాలు ఖాళీ చెయ్యాల్సిన వేళ దగ్గర పడింది. ఇంకా పావుగంటే ఉంది. అధ్యక్షుడి ముగింపు ఉపన్యాసం మిగిలిపోయింది. అధ్యక్షుడి పలుకు లేకుండా సభ ముగిస్తే ఎంత అమర్యాద! మైకు అందుకున్నాను.

"సమయాభావం వల్ల మా చెల్లెలి కథాకథనాన్ని తర్వాత ఎప్పుడైనా పెట్టుకుందాం. దాని సారాంశం నేనే రెండు ముక్కల్లో మనవి చేస్తాను" అన్నాను. కథేమిటో నాకు తెలియదు. అయినా సొంత చెల్లెలి కథ అన్నయ్యకి తెలియాలా ఏం?

టీచరమ్మ పూల వెనక నుంచి బయటికొచ్చి మరీ ఆ మాటని సైగల్లో చెప్పింది. మా చెల్లెలు ఒళ్లో ఉన్న రెండు చేతుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మూసేసుకుంది. నేను చూశాను. అయితే లైటు నా కళ్లలోనే పడుతోంది కాబట్టి చూడనట్టే లెక్క.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

నాలుగు బాక్సులూ గుటుక్కుమన్నాయి. పెద్ద లైటు ఆరిపోయింది. నేను "సోదర సోదరీమణులారా" అని గట్టిగా అరిచాను గానీ, అంత హాల్లో నా గొంతు నాకే అందలేదు. ఎవరో కిటికీ తెర ఒకటి సర్రున లాగారు. ఇంకెవరో ఇంకొకటి. చూస్తుండగానే ఆ పక్క గోడంతా వెలుగైపోయింది. చెవిటివాళ్లందరూ లేచి, ఎవరి కుర్చీ వాళ్లు పట్టుకుని, వెలుగు వైపుకి తిప్పేసుకున్నారు! హాలు హాలంతా పక్కకి తిరిగిపోయింది. వేదిక మీద ఉన్న పెద్దలందరికీ ఇప్పుడు కనిపిస్తున్నవి జనం వీపులు.

కిటికీ కింద ఉన్న అరుగు మీదికి మా చెల్లెలు ఎక్కింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మొదలుపెట్టింది.

ఏం చెప్పను మీకు! అది నా చెల్లెలేనా అనిపించింది. మా ఇంట్లో బల్ల చివర ముడుచుకుని కూర్చునే మనిషి, అంతమందిని గుప్పిట్లో పెట్టుకుంది. ఒక చెయ్యి పైకి లేస్తే అందరి ముఖాలూ లేచేవి. ఒక వేలు ఆగితే అందరి ఊపిరీ ఆగేది. భోజనాల బల్ల ఒకటి వచ్చింది, అది నాకు తెలిసింది. దాని చుట్టూ ఎవరెవరో కూర్చున్నారు. ఒక్కొక్కరి నోరూ ఒక్కో తీరున ఆడించింది, పళ్ల సెట్లు చేసే మనిషి కదా! జనం విరగబడి నవ్వారు.

అంతలో పైపెదవి మీద రెండు వేళ్లతో గుబురుగా ఒక మీసం దిద్దింది. హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నా వంక చూసి, మళ్లీ అటు తిరిగింది.

వేదిక దిగి పరుగున వెళ్లాను. టీచరమ్మ ఒక కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ చూస్తోంది.

"ఏమండీ, ఏమంటోందండీ?"

"నాకు ఇటు నుంచి అటే కదండీ చెప్పింది మీరు" అంది, తల తిప్పకుండానే.

వరసల మధ్య దూరుకుంటూ మా ఆవిడ దగ్గరికి చేరాను. ఆవిడ నవ్వుతోంది, ముక్కు చీదుతోంది, రెండూ ఒకేసారి.

"ఏమిటే? మీసం ఏం చేశాడు? ఎందుకు నవ్వుతున్నారు?"

"అబ్బ, ఉండండీ! ఇప్పుడు కాదు."

డాక్టరుగారు వచ్చి నన్నడిగారు, ఏమంటోందని. ప్రొఫెసరుగారు డాక్టరుగార్ని అడిగారు. చెవులున్నవాళ్లందరం వెనకాల గుంపుగా నిలబడి, ఆ ముఖం నుంచి ఈ ముఖానికీ, ఈ ముఖం నుంచి ఆ ముఖానికీ చూశాం. అందరూ నవ్వితే మేమూ నవ్వాం. ఎందుకో తెలియదు. అందరూ ఆగారు. మేం కాస్త ఆలస్యంగా ఆగాం.

మధ్యలో కరెంటు వచ్చింది. బాక్సులు నాలుగూ కీచుమని అరిచాయి. మేం ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాం. అటువైపు ఒక్క తలైనా కదల్లేదు. మైకాయన పరుగెత్తుకొచ్చి నా చేతిలో మైకు పెట్టాడు. పట్టుకుని నిలబడ్డాను. ఎవరికి చెప్పను?

చివర్లో మా చెల్లెలు ఆ మీసాన్ని మళ్లీ ఒకసారి దిద్దింది. ఈసారి నెమ్మదిగా దిద్దింది. ఏదో చిన్నది, చాలా చిన్న సైగ చేసింది. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు హాల్లో చేతులన్నీ లేచాయి, ఈసారి నిజంగా మెచ్చుకుంటూ, వేళ్లు విప్పి, మణికట్లు తిప్పుతూ. చాలాసేపు దిగలేదు. మధ్యలో ఆగి చూస్తే నా రెండు చేతులూ పైనే ఉన్నాయి, ఒక దాంట్లో మైకుతో సహా.

జనాన్ని తోసుకుంటూ దాని దగ్గరికి వెళ్లాను. చెమట పట్టిన ముఖం, మెరిసే కళ్లు. మోచెయ్యి తట్టాను. మీసాన్ని వేళ్లతో పైకెత్తి పట్టుకుని, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ అడిగాను.

"ఏం చెప్పావమ్మా? చివర్లో... నా గురించి ఏం చెప్పావు?"

అది నన్ను ప్రేమగానే చూసింది. అందులో సందేహం లేదు. చుట్టూ పదిమంది దాని కోసం ఎదురుచూస్తున్నారు, ఎవరో అప్పటికే భుజం పట్టి లాగుతున్నారు. నవ్వి, అరచెయ్యి పక్కకి ఊపింది.

నాకొచ్చిన మూడు సైగల్లో అదొకటి. అనువాదం అక్కర్లేకపోయింది.

పాఠకులారా, ఇది న్యాయమేనా? మనిషన్నాక అడిగినదానికి జవాబు చెప్పొద్దూ? కారులో ఇంటికొస్తూ అడిగాను, అద్దంలో చూస్తే వెనక సీట్లో ఇద్దరూ చేతులాడిస్తూ నవ్వుకుంటున్నారు. ఆదివారం బల్ల దగ్గర అడిగాను. "బాబాయి గురించి ఏదోలెండి" అంది మా ఆవిడ. పావుగంట కథండీ! పావుగంటసేపు పక్కనే నిలబడి ఏమీ తెలియకుండా నవ్వడమంటే ఎంత నరకమో మీకేం తెలుసు? ఎవరి సహనానికైనా ఒక హద్దుండొద్దూ?

అందుకే మీసం కత్తిరించేశాను. పక్కనున్న ఫొటో పాతది. వంటింట్లో పీట వేసుకుని సైగలు నేర్చుకుంటున్నాను, నాలుగోది ఇంకా సరిగ్గా తిరగట్లేదు. అది వచ్చేలోపు, ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మా చెల్లెలు చివర్లో నా గురించి ఏమందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. తర్వాత కాదు. ఇప్పుడే.